మెత్తని కాలు

“మాస్టారూ, ఆ కాలేంటి?”

చిన్ని కారు ఆపి మరీ అడిగింది. నిజానికి కారు ఆపింది తను కాదు, మాస్టారు. గొడవంతా అక్కడే.

డ్రైవింగ్ స్కూల్ మాస్టారు పక్క సీట్లోంచి కిందికి చూసుకున్నారు. స్కూలు కార్లకి నేర్పేవాళ్ళ వైపు కూడా ఓ బ్రేకు ఉంటుంది, ప్రమాదం వస్తే తొక్కడానికి. ప్రమాదం ఏమీ లేదుగానీ, ఆయన కుడికాలు మాత్రం దాని మీద నిండుగా ఆనుకుని ఉంది.

“ఏ కాలమ్మా?” అన్నారు, అది వేరెవరిదో అయినట్టు.

“అంటే ఇన్నాళ్ళూ బ్రేకు వేస్తున్నది మీరా? టెస్టులో మీరు వెనక సీట్లో కూర్చుంటారు కాబట్టే నేను రెండుసార్లూ గీత దాటేసి ఫెయిలయ్యానా?”

“అలవాటమ్మా. నేను తొక్కను, అదే వెళ్ళిపోతుంది. ఇంట్లో మా ఆవిడ బట్టల షాపుకి వెళ్దామన్నా లేస్తుంది ఆ కాలు.”

“వెళ్ళడం ఆగిందా మరి?”

“అక్కడ పని చెయ్యదమ్మా.”

చిన్నికి నవ్వే ఓపిక లేదు. ఇంకో అరగంటలో మూడోసారి టెస్టు. పిన్ని బేకరీలో వ్యాన్ నడిపే పని ఖాళీ అయింది. ఇవాళ లైసెన్సు వస్తే ఆ పని తనది. రాకపోతే రేపు వేరేవాళ్ళని పెట్టేసుకుంటానని పిన్ని ముఖం మీదే చెప్పేసింది. సొంత పిన్నే. కానీ బేకరీలో ఆవిడ ఎవరికీ పిన్ని కాదు.

“ఇప్పుడు నేర్పండి,” అంది చిన్ని. “ఒక్క బ్రేకు చాలు. మీరు వెనక్కి వెళ్ళండి.”

మాస్టారు బుద్ధిగా వెనక్కి మారారు. చిన్ని కారు కదిలించి, బ్రేకు తొక్కింది. మాస్టారు మళ్ళీ ముందు సీట్లోకి వచ్చినంత పనైంది.

“మెత్తగా తల్లీ, మెత్తగా! పెడల్ కింద పిల్లి పడుకుందనుకో. అది లేవకూడదు.”

ఈసారి పిల్లి లేవలేదు. కారూ ఆగలేదు. ఈ రెంటికీ మధ్య ఎక్కడ తొక్కాలో తేలేలోపే ఆర్టీవో ఆఫీసు లోపల్నించి పిలుపొచ్చింది.

టెస్టు చేసే ఇన్‌స్పెక్టర్ కొత్తాయన. ముఖం చూసి ఏమీ కనిపెట్టలేం, లాకు చేసిన ఫోన్‌లా ఉంది. స్కూలు కార్లో చిన్ని పక్కన, మాస్టారి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, “పోనివ్వండి” అన్నాడు. అంతే.

మొదట గీత దగ్గర ఆపాలి. చిన్ని ఊపిరి బిగబట్టి పిల్లిని తలుచుకుంది. కాలు మెత్తగా ఆనించింది. కారు సరిగ్గా గీత ముందు, ఒడ్డు చేరిన పడవలా ఆగింది.

మలుపులో ఓ ముసలాయన సైకిల్‌తో అడ్డమొచ్చాడు. పిల్లి. కారు ఆగింది. దిగువకి పోయే దారిలో ఆపమన్నాడు ఇన్‌స్పెక్టర్. పిల్లి. ఆగింది.

చిన్ని అద్దంలోంచి అనుమానంగా వెనక్కి చూసింది. మాస్టారు కాళ్ళు రెండూ సీటు మీదికి మడిచి పెట్టుకుని, వాటిని చేతులతో పట్టుకుని కూర్చున్నారు. తన కాళ్ళ మీద తనకే నమ్మకం లేదు పాపం. ఇన్‌స్పెక్టర్ అయితే చుట్టపుచూపుగా వచ్చినవాడిలా చేతులు కట్టుకుని రోడ్డు చూస్తున్నాడు.

“పాస్,” అన్నాడు చివరికి. “బ్రేకు వెయ్యడం చాలా బాగుంది. ఎవరు నేర్పారు?”

వెనక సీట్లో మాస్టారు గొంతు సవరించుకున్నారు.

గేటు బయట పిన్ని వ్యాన్‌కి ఆనుకుని నిలబడి ఉంది.

“ఏమే, ఇవాళ కూడానా?”

“పాస్ పిన్నీ!”

“నిజం చెప్పు. ఎవరి కాళ్ళు పట్టుకున్నావు?”

“ఎవరివీ కాదు. అంతా నా కాలే!”

పిన్ని వ్యాన్ తాళాలు ఇచ్చేసింది. భోజనానికని నడిచి వెళ్తున్న ఇన్‌స్పెక్టర్‌ని చూసి, “సార్, ఈ ఎండలో నడుస్తారా? మా అమ్మాయి దింపేస్తుంది, ఎక్కండి” అంది. పాస్ చేసింది తనే కాబట్టి, ఎక్కను అంటే బాగుండదనుకున్నాడో ఏమో, ఆయన వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. పిన్ని వెనక బన్నుల ట్రేల మధ్య సర్దుకుంది.

వ్యాన్ హాయిగా సాగింది. కింద వాలులో ఎర్రలైటు పడింది.

చిన్ని పిల్లిని తలుచుకుంది. కాలు మెత్తగా ఆనించింది. వ్యాన్ వెళ్తూనే ఉంది. ఇంకాస్త ఆనించింది. వెళ్తూనే ఉంది.

“ఏమే! ఏమేవ్!” అంది వెనకనించి పిన్ని.

చిన్ని హ్యాండ్‌బ్రేకు లాగి స్టీరింగ్ పక్కకి తిప్పేసింది. రోడ్డు వారగా ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించిన ఇసక కుప్పలోకి వ్యాన్ ముక్కు దూర్చి ఆగింది. బన్నులకి తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

“తాళాలు,” అంది పిన్ని, ట్రేల కిందనించి చెయ్యి చాపి.

చిన్ని వెంటనే ఇవ్వలేదు. పక్కకి తిరిగి చూస్తోంది. ఇన్‌స్పెక్టర్ కుడికాలు తిన్నగా చాచి, ఖాళీ మ్యాట్‌ని బలమంతా పెట్టి తొక్కుతున్నాడు.

“సార్,” అంది చిన్ని నెమ్మదిగా. “ఈ ఉద్యోగంలోకి రాకముందు మీరేం చేసేవారు?”

ఆయన కాలు తియ్యకుండానే చెప్పాడు.

“డ్రైవింగ్ స్కూల్ మాస్టార్నమ్మా.”