పగడాల తొట్టెలో ఉప్పు

మా ఆవిడ పోయి రెండు నెలలైంది. అద్దాల ఉప్పునీటి తొట్టెలో ఆమె ప్రాణంగా పెంచుకున్న పగడాలు ఒక్కొక్కటే తెల్లబడిపోతున్నాయి. ఆవిరైనంత మేరకు రోజూ మంచినీళ్లే పోస్తున్నాను. అయినా నీళ్లలో ఉప్పు పెరుగుతూనే ఉంది.

"ఉప్పునీళ్లేమైనా పోస్తున్నావా అమ్మా?" అని కూతుర్ని అడిగాను.

"నేను ఆ గది గడపే తొక్కట్లేదు నాన్నా. నా వల్ల కాదు."

ఈ రాత్రి నీళ్లు పరీక్షించడానికి తొట్టె మోటారు ఆపాను. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. టప్. కాసేపాగి, మళ్లీ టప్.

టార్చి వేసి చూస్తే పైకప్పు పొడిగానే ఉంది. మా ఆవిడ మోచేతులానించి తొంగిచూసే చోట మాత్రం తొట్టె అంచు తడిసి ఉంది. వేలితో అద్ది నాలుకకు రాసుకున్నాను. ఉప్పగా ఉంది. తొట్టెలో నీళ్లకంటే వెచ్చగా ఉంది.

"ఇక ఏడవకే," అన్నాను. "నీ పగడాలు చచ్చిపోతున్నాయి."

చప్పుడు ఆగిపోయింది.

మళ్లీ ఒక్క చుక్కయినా పడుతుందేమోనని తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.