దేవుని పక్కన ఫ్రిజ్

"పొడుగుదే కావాలె. పొట్టిది తీస్కుంటే నేను బండెక్క," అన్నది సత్తవ్వ.

నిజామాబాద్ గంజ్ దగ్గరి ఆ దుకాణంలో ఫ్రిజ్‌లు రెండే ఉన్నాయి. ఒకటి మనిషెత్తు. రెండోది ఆమె నడుము దాకా వస్తుంది. ఆమె భర్త లింబయ్య ఆ రెండింటి మధ్య ఒక జనపతాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడుకు రెండు ముడులున్నాయి. వంటింట్లో దేవుని గూటి పక్కనున్న ఖాళీని అతని తల్లి భూమవ్వ పొద్దున్నే కొలిచి, వెడల్పుకొకటి, ఎత్తుకొకటి ముడి వేసి ఇచ్చింది.

"ముడి దాటితె ఆడ పట్టదే," అన్నాడు లింబయ్య.

"పట్టద్దనే సెప్తున్న. పొడుగుదైతె వసారల ఉంటది."

"వసారల కుక్కలుంటయ్. ఫ్రిజ్ ఉంటదా?"

"కుక్కలుంటయ్. నెలకు నాలుగొద్దులు నేనుంట."

దుకాణదారు రామ్‌దాస్ తుడిచిన తలుపునే మళ్ళీ తుడవసాగాడు. లింబయ్య గొంతు తగ్గించాడు. "దుకాణంల గవేం మాటలే?"

అతను గొంతు తగ్గించడంతో సత్తవ్వకు ఒళ్ళు మండిపోయింది. ముట్టయిన నాలుగు రోజులూ ఆమె వంటింటి గడప దాటరాదు. దేవుళ్ళు అక్కడే, నీళ్ళ కుండా అక్కడే. పోయిన నెల రోహిణి ఎండలో వసారాలో కూర్చుని నీళ్ళ కోసం ఆరుసార్లు పిలిచింది. లోపల భూమవ్వ కునుకు తీస్తోంది. చివరికి లేచి వచ్చి, చెంబు తగలకుండా పైకెత్తి దోసిట్లో పోసింది. దాహం తీరింది. ఆ ఆరు పిలుపులు మాత్రం సత్తవ్వ లోపల ఇంకా పిలుస్తూనే ఉన్నాయి.

"సల్లని నీళ్ళు కండ్లెదుట పెట్టుకోని, అడుక్కోని తాగాల్నా?"

"అవ్వ ఇయ్యనన్నదా?"

"ఇస్తది. గా ఇచ్చుడే వద్దంటున్న."

"ఒకసారి తలుపు తీసి సూడుండ్రి అక్కా," అన్నాడు రామ్‌దాస్, చిన్న ఫ్రిజ్ చూపించి. "పొట్టిదే గని చానా పడుతది."

తలుపు తీసింది. చల్లగాలి ముఖానికి తగిలింది. అరలు ఒక్కొక్కటీ చేత్తో తడిమింది. క్షణం పాటు కోపం ఎటుపోయిందో తెలియలేదు. తెలిశాక, ఇంత తేలిగ్గా ఎట్లా పోయిందని రెట్టింపు కోపం వచ్చింది. తలుపు దబ్బున మూసింది.

ఈలోగా లింబయ్య దానికి తాడు పట్టి చూశాడు. రెండు ముడులూ సరిగ్గా కుదిరాయి. నలభై ఏళ్ళ మనిషి ముఖంలో, తల్లి చెప్పిన పని చెప్పినట్టే చేసిన పిల్లవాని సంబరం కనిపించింది.

"గిదే కట్టియ్యి సేటు."

బండెక్కనన్న మనిషి ఎక్కక తప్పలేదు. ఆ మాటైనా నిలబెట్టుకోలేకపోయానన్న కోపమూ వచ్చి మొదటిదానితో కలిసింది. చెరుకు తోలే ట్రాక్టర్ ట్రాలీలో ఫ్రిజ్ మధ్యన నిలబడింది. అది ఊగినప్పుడల్లా లింబయ్య రెండు చేతులతో పట్టుకున్నాడు. సత్తవ్వ పట్టుకోలేదు. రుద్రూర్ దాటి ఊరు చేరేదాకా కుదుపులకు అతన్ని ఆనుకునే, ముఖం తిప్పుకుని కూర్చుంది.

నలుగురు మోసుకొచ్చి దాన్ని దేవుని పక్కన పెట్టారు. కొలిచినట్టే పట్టింది. భూమవ్వ పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది.

"పాలు పెరుగు ఉండే సామాను. దేవుని తావుననే ఉండాలె," అని కొడుకు వైపు మెచ్చుకోలుగా చూసి, కోడలి వైపు తిరిగింది. "ఏమే, గడప అవుతల నిలవడ్డవేంది? వచ్చి హారతి పట్టు."

"నేను రాను అత్తా. దుకాణంలనే బయటయిన."

భూమవ్వ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. "ఎప్పుడు?"

"దాని తలుపు తీసి సూసేటప్పుడు. లోపల అరలన్ని ముట్టిన."

"ముట్టి, నోరు మూసుకోని నా దేవుని కాడికి తెప్పిస్తివా?"

"పొట్టిది వద్దని మొత్తుకున్న. నీ కొడుకు ఇన్నడా?"

భూమవ్వ పళ్ళెం కింద పెట్టింది. గబగబా చెంబెడు నీళ్ళలో పసుపు కలిపి ఫ్రిజ్ నెత్తిన పోయబోయింది. లింబయ్య తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వా, కరెంటు సామాను. నీళ్ళు పడితె కాలిపోతది."

"అంటయితె మనిషైనా, బిందైనా తానం జేస్తది. తానం లేనిది నా దేవుని పక్కన ఉండది. తీస్కపో."

"యాడికి తీస్కపోవాలె?"

ముసలామె కోడలి వైపు చెయ్యి చాపింది. "నీ పెండ్లమున్న కాడికి."

పొద్దు గూకేలోపు వైరు కిటికీలోంచి లాగారు. సత్తవ్వ వసారాలో ఫ్రిజ్‌కు ఆనుకుని చాప పరుచుకుంది. సీసాలు తానే నింపి పెట్టింది. నీళ్ళింకా చల్లబడలేదు. అయినా రెండుసార్లు తీసి చూసింది.

నెత్తిన నీళ్ళు పోసుకున్న లింబయ్య, తడి జుట్టుతోనే వచ్చి దూరంగా గొంతుకూర్చున్నాడు.

"దుకాణంలనే సెప్తె నీ సొమ్మేం పోయింది?" అన్నాడు కసిగా. "బండిల నన్నానుకోనే కూసున్నవ్. బాయి కాడ పదిమంది సూడంగ తానం జేసొచ్చిన."

సత్తవ్వ మళ్ళీ తలుపు తీసి, సీసాకు వేలు ఆనించి చూసింది.

"ఉత్తగనే జేసినవ్," అన్నది. "నేను బయటయ్యేతందుకు ఇంక ఆరొద్దులున్నది."