వలగదిలో అల్లుడు

పదకొండింటికి ఇంటర్వ్యూ. పదిన్నరకు అల్లుడు వలగదిలో ఇరుక్కుపోయాడు.

వలగది అంటే పెరట్లో టమాటా మొక్కల చుట్టూ, పైనా, దోమ కూడా దూరనంత సన్నని వల బిగించిన గది. మందు చుక్క కొట్టకుండా కాయ దక్కించుకోవాలని అత్తగారూ అల్లుడూ కలిసి పడుతున్న తంటా అది. ఉద్యోగమేమో పురుగుమందుల కంపెనీలో. కుదిర్చింది మామగారు. ఆయన మాట కాదనే ధైర్యం ఆ ఇంట్లో పిల్లికి కూడా లేదు.

అల్లుణ్ణి తీసుకెళ్లడానికి వచ్చిన మామగారు బయటి తలుపు బార్లా తోసి, మూయకుండానే రెండడుగుల ఇరుకు నడవలో నిలబడి లోపలి తలుపు లాగారు. రాలేదు. ఆయన ఆ గదిలో కాలు పెట్టడం అదే మొదలు.

"నువ్వూ తొయ్యవయ్యా. పొద్దున తిన్నదంతా ఎటు పోయింది?"

అల్లుడు భుజం ఆనించి తోశాడు. తలుపు కదల్లేదు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. మొక్కల మధ్య వేలాడుతున్న పసుపు జిగురట్టలకు అంటుకొని ఎలాగో లోపలికి దూరిన దోమలు గిలగిలలాడుతున్నాయి. అతని పరిస్థితీ అంతే.

"పాపం, తోస్తూనే ఉన్నాడండీ. మీరే ఇంకాస్త గట్టిగా లాగండి," అంది లోపలే ఉన్న అత్తగారు, ఆకు కింద దొరికిన పచ్చపురుగును సబ్బునీళ్ల డబ్బాలో వేస్తూ.

"ముందు ఆ పురుగుల వేట ఆపవే. కత్తి తెచ్చి ఈ వల కోసేస్తాను."

"కొయ్యండి. తెల్లదోమ దూరి పంట పోతే కొత్త వల మీరే కుడుదురుగాని."

ఆయన తగ్గారు. కాలు గడపకు తన్నిపెట్టి, రెండు చేతులా మళ్లీ లాగారు.

అల్లుడు వాచీ చూసుకున్నాడు. "ఇంకొక్కసారి మామయ్యా."

పదకొండుంబావుకు ఫోన్ మోగింది. కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశామన్నాడు ఆఫీసరు.

"నీ ఖర్మ. ఇక్కడే పురుగులు ఏరుకుంటూ బతుకు," అంటూ మామగారు విసవిసా బయటికి నడిచి, బయటి తలుపు ధడాలున వేశారు.

అల్లుడు వేలితో నెట్టాడు. లోపలి తలుపు మెత్తగా తెరుచుకుంది.

మామగారు వల అవతల నోరు తెరిచారు. "ఇప్పుడెలా వచ్చిందే?"

"మీ కోపానికి హడలిపోయిందేమోనండీ."

పురుగు దూరకుండా, బయటి తలుపు మూస్తేగాని లోపలిది తెరుచుకోకుండా కిందటి నెల ఆ రెండింటినీ బిగించినవాడు అల్లుడే. పక్కన నిలబడి స్క్రూలు అందించింది అత్తగారు.