మూత మీది పిట్ట

కార్డు మళ్ళీ చిరిగింది.

ఈసారి పెళ్ళికూతురి పేరులో ఒత్తు ఊడి, బ్లేడుకు చుట్టుకుంది.

దీనాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను తీసి అట్టల దుకాణం ఖండప్పకు చేసింది.

"ఖండప్పన్నా, ఇదేం కార్డు? పైన మెరుపు, లోపల దూది! కోస్తుంటె పీచు లేస్తాంది."

"అందరు అదే తీస్కపోతున్నరమ్మా."

"అందరు కత్తెరతోటి కోస్తరు. నాది మిషను!"

ఠక్కున ఫోను పెట్టేసింది.

నాలుగింటికి హుమ్నాబాద్ వాళ్ళు వస్తారు. పెళ్ళి మండపానికి పేర్ల అక్షరాలు కావాలి. బీదర్‌లో ఈ చిన్న దుకాణం తెరిచాక ఇంత పెద్ద పని రావడం ఇదే మొదలు. బాగా కుదిరితే హుమ్నాబాద్ పెళ్ళిళ్ళన్నీ ఇటే వస్తాయి. చెడితే ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది.

హైదరాబాదు నుంచి తెప్పించిన గట్టి కార్డు దొంతర అడుగున కొద్దిగా మిగిలి ఉంది. దాన్ని తీసింది.

అక్షరాలు కోసే ఆ మిషను మూత మీద ఎర్ర పిట్ట బొమ్మ ఒకటి అంటించి ఉంటుంది. దీనా దాని మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. ఈ మిషను ఆమె కొన్నది కాదు. చర్చి సంఘంలో ఎవరో గుప్తదానంగా ఇచ్చారు. స్త్రీల సమాజం దయమ్మ దాన్ని తెచ్చి దించుతూ, "పేరు మాత్రం అడుగకు" అంది. పిట్ట అప్పటికే దాని మీద ఉంది.

అప్పటినుంచి రోజూ ఒకటే ప్రార్థన. "ఇచ్చినోళ్ళను ఒక్కసారి నా కండ్లకు చూపియ్యి ప్రభువా."

ఇవాళా చేసింది. ఖండప్పను తిట్టిన నోటితోనే చేసింది. తిట్టుకూ స్తోత్రానికీ దేవుడు ఒకే నోరు ఎందుకిచ్చాడో!

"కార్డు కావాలె బిడ్డా."

గుమ్మంలో ఒక ముసలాయన చెప్పులు విడుస్తున్నాడు. చేతిలో నల్ల గొడుగు.

"దేనికి?"

ఆయన గొడుగు గోడకు ఆనించాడు. "కోసి చూపిస్తె చెప్త."

కోసి చూపనిదే కార్డు అమ్మకూడదన్నది దీనా పెట్టుకున్న నియమం. కంటికి నదరుగా ఉన్నదల్లా బ్లేడు కింద నిలవదు. షీటు మూలన చిన్న పువ్వు కోస్తే దాని గుణం తెలిసిపోతుంది.

నీలం కార్డు మీద పువ్వు కోసింది. కోత ముగియగానే మిషను చిన్నగా కూసింది.

"ఇంకోటి?"

గరుకు కార్డు మీద కోసింది.

"ఆ మెరిసేది?"

"అది మెరిసేతందుకే పనికొస్తది. అంచు రాలుతది."

"ఒక్కసారి, బిడ్డా."

పెద్దవాడని పళ్ళు బిగబట్టి, అదీ పెట్టింది. తిరిగి చూస్తే ఆయన కార్డు వంకే చూడడం లేదు. గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మిషను కోత ముగించి కూయబోతుండగా, దానికి ఒక్క క్షణం ముందు కళ్ళు తెరిచాడు.

"ఏం పెద్దమనిషీ, నిద్రపోనీకి వచ్చినవా? ఇది దుకానమా, బస్టాండా?"

"నిద్ర కాదమ్మా. బాగుంది. ఇంకొకటి..."

"ఇంకొకటి లేదు! నీకు కార్డు కొనే ఇరాదా లేదు, మనసు లేదు. ఆడ హుమ్నాబాదోళ్ళు వస్తుండ్రు, ఈడ నువ్వు నన్ను పరేషాన్ చేస్తున్నవ్."

ఆయన బల్ల మీది పువ్వులు మూడూ ఏరి రుమాలులో పెట్టుకున్నాడు.

"చెత్త గూడ తీస్కపోతవా? తీస్కపో!"

ఆమె హైదరాబాదు కార్డు వైపు తిరిగింది. మళ్ళీ చూసేసరికి ఆయన బొటనవేలు మూత మీది పిట్ట మీద ఉంది.

దీనా గొంతు వీధిలోకి వినబడింది.

"చెయ్యి తియ్యి! గోరు పెట్టి గీకుతున్నవా దాన్ని? నాకు అన్నం పెట్టినోళ్ళ గుర్తు అది! దాన్ని ఒగలు ముడితె ఊకోను!"

"గీకలేదు బిడ్డా. రెక్క లేస్తుంటె ఒత్తిన."

"నీకెందుకు? నీ సొమ్మా అది? నడువు, బయిటికి నడువు!"

ఆయన ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. కోపంగా కాదు. అదే దీనాకు ఇంకా మంట పెట్టింది. గొడుగు తీసుకుని, చెప్పులు తొడుక్కుని, ఎండలోకి దిగిపోయాడు.

గట్టి కార్డు మీద అక్షరాలు వెన్నలా తెగుతున్నాయి. ఒత్తు ఊడలేదు, పీచు లేవలేదు. పని సగం దాటాక దయమ్మ వచ్చింది.

"ధన్నూర ఊరి అబ్బయ్య వచ్చిండా దీనా? నల్ల గొడుగాయన?"

"వచ్చిండక్కా, మంచిగ వచ్చిండు! కార్డులు ఖరాబ్ చేసి, కునుకు తీసి, ఆఖరికి నా పిట్ట మీద చెయ్యేసిండు. ఎల్లగొట్టిన."

దయమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎల్లగొట్టినవా?"

"మరి పూజ చెయ్యాల్నా?"

"కార్డు పేరు చెప్పి పొమ్మని నేనే అన్న. 'ఆ సప్పుడు ఒక్కసారి ఇని పోత, మల్ల జన్మల అడుగ' అన్నడు. బిడ్డ సచ్చిపోయిన కాన్నుంచి ఇల్లు మూగపోయిందంట."

"ఏం సప్పుడు?"

పని ముగించి మిషను చిన్నగా కూసింది.

దయమ్మ చూపు మూత మీదికి పోయింది. లేచిన రెక్క ఇప్పుడు చక్కగా అంటుకుని ఉంది.

"ఆ పిట్టను అంటించింది ఆయన బిడ్డె, దీనా."