వెడల్పు టైరు

ఆదివారం ఉప్పల్ అవతల మట్టిదారిలో మోటారుసైకిళ్ల పందెం. అందులో దిగడానికి నా కొడుకు బాలనర్సింహ వెడల్పు టైరు కొన్నాడని తెలిసి నాకు ముద్ద దిగలేదు. వాడికి చెప్పకుండా నాచారంలో టైర్లు వేసే ఆగయ్య దుకాణానికి పోయాను.

"ఆగయ్యా, నీకు దండం పెడ్త. ఆ టైరు మావాని బండికి ఎక్కదని చెప్పు బిడ్డా."

"ఎక్కుతది అవ్వా. కని రిమ్ము సన్నది. టైరు ఉబ్బి, మలుపుల జారుతది."

"అయ్యో, అయితే ఎక్కియ్యకు!"

"ఎందుకు ఎక్కిస్త? టైరు కుదురుతలేదని దోస్తులకు చెప్పి పందెం తప్పియ్యమని నీ కొడుకే పొద్దుగాల వచ్చి బతిమిలాడిండు. భయమైతుందట."

నాకు ఒళ్లు మండింది.

"రిమ్ముకు సరిపోయే టైరు తీసి ఇప్పుడే ఎక్కియ్యి. భయమనేది మా ఇంటావంటా లేదు!" అన్నాను.