ఆలంబీ ఫిర్యాదు

రాత్రి పదిన్నరకు పటాన్‌చెరు కంపెనీల వైపు నుంచి ఆ ఘాటు వాసన మళ్లీ ఇంట్లోకి వచ్చింది. ఆలంబీ కిటికీలు మూసి, ఈ వాసన మీద వారం కింద తానిచ్చిన ఫిర్యాదు ఏమైందో కనుక్కుందామని సర్కారు నంబరుకు ఫోన్ చేసింది. మనిషి ఎత్తలేదు, కంప్యూటర్ పలికింది.

"సమస్య తీరిందని మీరే చెప్పారు. వినండి."

తర్వాత ఫోన్‌లో ఆలంబీ గొంతే వినిపించింది. "వాసన పోయింది సార్. ఇగ ఏం పరేషాన్ లేదు."

ఆలంబీ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది. "గా మాట నేను అనలే. మీ ఫోనే నాకు రాలే."

"ఫిర్యాదు మళ్లీ తెరవాలంటే పేరు చెప్పండి. గొంతు సరిచూస్తాం."

"ఆలంబీ."

కంప్యూటర్ సరిచూసి చెప్పింది.

"గొంతు సరిపోలలేదు."

ఆమె మళ్లీ చెప్పబోయేలోపే, అవతలి నుంచి ఆమె గొంతే మెల్లగా అడిగింది.

"ఎవరమ్మా నువ్వు? నా పేరు చెప్తున్నవేంది?"