పచ్చ పట్టీ

మణికట్టుకి నొప్పిని కొలిచే పట్టీలు వచ్చాక కాకినాడ ఇళ్ళల్లో పని పంపకాల తగువులు తీరిపోయాయి. పొద్దున్నే అందరూ చేతులు చాపుతారు. ఎర్రబడిన పట్టీకి విశ్రాంతి, పచ్చగా ఉన్నదానికి పని.

హైమవతి పట్టీ మూడేళ్ళుగా పచ్చగానే ఉంది. ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టున్నా, చీరకొంగు తగిలితే చాలు భుజం భగ్గుమంటున్నా, రాత్రంతా పడుకుని లేచినా ఒంట్లో సత్తువ లేకపోయినా అది ఎర్రబడలేదు. డాక్టరు దీన్ని ఫైబ్రోమయాల్జియా అన్నాడు. పట్టీకి మాత్రం దెబ్బలూ వాపులే తెలుసు.

"నా మోకాలి నొప్పికి పట్టీ ఎలా ఎర్రబడిందో చూశావా? అట్లు నువ్వే వేసెయ్యి హైమా," అంది అత్తగారు సూర్యకాంతమ్మ.

"నిలబడలేకపోతున్నానత్తయ్యా. ఒట్టు."

"పట్టీ అబద్ధం చెబుతుందా, చెప్పు?" అన్నాడు భర్త ఉమాపతి. విసుగ్గా కూడా కాదు, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు.

మూడో అట్టు తిరగేస్తుంటే చేతిలో పట్టు తప్పి అట్లకాడ జారింది. వేలు పెనానికి అంటుకుంది. పట్టీ ఎర్రబడి కుయ్యిమంది.

ఉమాపతి పరుగున వచ్చి పొయ్యి ఆపి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. అత్తగారు మోకాలి సంగతే మరిచి, ఆ వేలిని చన్నీళ్ళ గిన్నెలో ముంచి పట్టుకుంది.

"ఎంత మండిపోతోందో నా తల్లికి!"

హైమవతికి ఏడుపు ఆగలేదు. ఒళ్ళంతటిలో కాస్త ఓర్చుకోగలిగిన నొప్పి ఆ వేలిదొక్కటే.

రేపటికి పట్టీ మళ్ళీ పచ్చబడుతుంది. ఆమె మిగిలిన తొమ్మిది వేళ్ళ వంక చూసుకుంది.